ఎర్ర రంగు కింద ఆకుపచ్చ: ఒక 1973 ఎల్సినోర్ డైరీ

1వ రోజు

బండి వచ్చింది. నిజం చెప్పాలంటే ఒక ఫ్రేము, రెండు చక్రాలు, పట్టేసిన ఇంజను, మూడు అట్టపెట్టెల సామాను వచ్చాయి. పేరు మాత్రం గొప్పది: హోండా సీఆర్250ఎం ఎల్సినోర్, 1973 మోడల్.

ఈ బండి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. అప్పటిదాకా హోండా అంటే ఫోర్ స్ట్రోక్. మోటోక్రాస్ అంటే మట్టి గుట్టల మీద జరిగే రేసు. అందులో గెలుస్తున్నవి తేలికైన టూ స్ట్రోక్‌లు. చివరికి హోండా కూడా పంతం పక్కన పెట్టి, మోటోక్రాస్ కోసమే చేసి అమ్మకానికి పెట్టిన మొదటి టూ స్ట్రోక్ ఇది. కాలిఫోర్నియాలోని లేక్ ఎల్సినోర్‌లో జరిగే రేసు పేరే దీనికి పెట్టారు. 248 సీసీ, 70 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 64.4 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం), ఐదు గేర్లు, క్రోమోలీ స్టీలు ఫ్రేము, అల్యూమినియం ట్యాంకు. ఆ ఏడాదే గ్యారీ జోన్స్ దీని మీద అమెరికా 250 సీసీ జాతీయ చాంపియన్ అయ్యాడు.

నా చేతికొచ్చిన దాన్ని చూస్తే ఆ వైభవమేమీ కనబడదు. వెండి రంగు మీద ఆకుపచ్చ పట్టీతో ఉండాల్సిన ట్యాంకు మొత్తం ఎర్రగా ఉంది, అదీ బ్రష్షుతో పూసినట్టు. సీటు కవరు చినిగి స్పాంజి పొడిగా రాలుతోంది. కిక్ రాడ్ కదలదు. వెనక షాకప్‌లు ఈ బండివి కావు, ఇంకేదో కంపెనీవి, పొడుగ్గా ఉన్నాయి. వాటిని బిగించడానికి ఫ్రేముకు ఎవరో అదనంగా రెండు ఇనుప ముక్కలు వెల్డింగు చేశారు.

ఇవాళ చేసిన పని ఫొటోలు తీయడమే. ప్రతి కేబులు ఎటు నుంచి ఎటు పోతోంది, ఏ బోల్టు కింద ఎన్ని వాషర్లున్నాయి, అన్నీ. నూట నలభై ఫొటోలు. చాలు అనుకున్నాను. చాలలేదని తర్వాత తెలిసింది.

4వ రోజు

ఇంజను పక్క కవర్ల స్క్రూలు విప్పడం మొదలుపెట్టాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాత జపాన్ బండ్ల మీద కనిపించే స్టార్ స్క్రూ మామూలు ఫిలిప్స్ స్క్రూ కాదు. అది జేఐఎస్ అనే జపాన్ కొలత. చూపుకు రెండూ ఒకటే. ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ మొన కాస్త ముందే అడుగు తాకుతుంది, గాడిలో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే జారి పైకి వచ్చి తల అరిగిపోతుంది. ఈ బండిలో పన్నెండు స్క్రూల తలలు అప్పటికే గుండ్రంగా అరిగి ఉన్నాయి. నా ముందువాళ్లు ఎవరికీ ఈ సంగతి తెలిసినట్టు లేదు.

జేఐఎస్ బిట్టు వేసి, ఇంపాక్ట్ డ్రైవరు మీద సుత్తితో ఒక్క దెబ్బ. తొమ్మిది వచ్చేశాయి. మిగతా మూడింటి తలలు డ్రిల్లు చేసి తీసేశాను. కవరు ఊడి వచ్చాక మిగిలిన కాడలు చేత్తో తిప్పితేనే వచ్చాయి. తల కింద పట్టు పోతే ఇక బిగువేమీ ఉండదు.

6వ రోజు నుంచి 17వ రోజు వరకు

ఇంజను పట్టేసింది అంటే లోపల పిస్టన్ తుప్పుతో సిలిండరుకు అతుక్కుపోయింది. ఫోర్ స్ట్రోక్ అయితే ఒక చిట్కా ఉంది: ప్లగ్ రంధ్రంలోంచి గ్రీజు గన్నుతో గ్రీజు ఎక్కిస్తే ఆ ఒత్తిడికి పిస్టన్ కిందికి జరుగుతుంది. టూ స్ట్రోక్‌లో సిలిండరు గోడకే కిటికీల్లాంటి పోర్టులుంటాయి. పిస్టన్ వాటి పైన ఉంటే తప్ప ఆ పని జరగదు. నాది సగం దారిలో ఆగింది. గ్రీజు పెడితే పోయి ఎగ్జాస్టులోంచి పేస్టులా బయటికొస్తుంది, అంతే.

అందుకని పాత పద్ధతే. హెడ్డు విప్పాను. పోర్టులను రబ్బరు ముక్కలతో మూసి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లలో వాడే) ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి పిస్టన్ మీద పోశాను. ఈ రెండూ కలిసి ఉండవు, సీసాలో ఐదు నిమిషాలకే విడిపోతాయి. ప్రతిసారీ బాగా కుదిపి వెంటనే పోయాలి. రోజూ పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. అసిటోను ఆరిపోతుంది, నూనె సందుల్లోకి దిగుతుంది.

మూడో రోజు ఏమీ లేదు. ఆరో రోజు కూడా ఏమీ లేదు. ఎనిమిదో రోజు విసుగొచ్చి పెద్ద సుత్తి చేతిలోకి తీసుకుని, బుద్ధి తెచ్చుకుని మళ్లీ గోడకు తగిలించాను. పిస్టన్ నెత్తిన గట్టిగా కొడితే ఆ దెబ్బ కనెక్టింగ్ రాడ్ బేరింగు మీద పడుతుంది. అది పాడైతే క్రాంకు మొత్తం పోతుంది.

పదకొండో రోజు సిలిండరును బయటినుంచి హాట్ గన్నుతో వేడి చేసి, బోరు కంటే కాస్త చిన్నగా గుండ్రంగా చెక్కిన కర్ర దిమ్మె పిస్టన్ మీద పెట్టి, చిన్న సుత్తితో కొడుతూ పోయాను. ఎక్కడో ఇరవయ్యో దెబ్బకు శబ్దం మారింది. అప్పటిదాకా టక్ టక్ అన్నది ఒక్కసారి 'తుక్' అంది. వంగి చూస్తే పిస్టన్ అంచు పక్కన, గోడ మీద, గోరంత వెడల్పున మెరిసే గీత. పిస్టన్ ఒక్క మిల్లీమీటరు జరిగింది. ఆ రోజు ఇక ఇంకేమీ చేయలేదు. ఆ గీతను చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

20వ రోజు

సిలిండరు బయటికొచ్చింది. పిస్టన్ నెత్తి మీద మసి గీకితే 0.25 అని ముద్ర కనిపించింది. అంటే ఇదివరకే ఒకసారి బోరు కొట్టి (సిలిండరు లోపల కోసి పెద్దది చేసి), ఒక సైజు పెద్ద పిస్టన్ వేశారు. బోర్ గేజుతో మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలిచాను. 70.25 ఉండాల్సిన చోట ఎగ్జాస్టు పోర్టు కింద 70.38 ఉంది. దానికి తోడు పిస్టన్ ఆగిన చోట తుప్పు తిన్న గుంటలు చుట్టూ ఉంగరంలా ఉన్నాయి.

తర్వాతి సైజు 0.50. దానికి బోరు కొడితే 70.38 ఉన్న చోట ఒక్కో వైపు 0.06 మి.మీ. మాత్రమే పోతుంది. గుంటలు అంతకంటే లోతుగా ఉన్నాయేమోనని అనుమానం. ఆ పైన 0.75, తర్వాత 1.00. అక్కడితో అయిపోతుంది. ఈ లైనరుకు (సిలిండరు లోపలి గొట్టానికి) ఇంక ఎన్ని జన్మలున్నాయో లెక్కపెట్టుకుని వాడాలి.

27వ రోజు

ఇప్పుడు అసలు వేట.

ఇలాంటి బండికి పార్టులు పేరుతో వెతికితే దొరకవు. 'పాత హోండా పిస్టన్' అని వెతికితే వంద వస్తాయి, ఒక్కటీ మనది కాదు. నంబరుతో వెతకాలి. హోండా పార్టు నంబరు మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి ఐదంకెలు అది ఏ వస్తువో చెబుతాయి. మధ్యలో మూడంకెలు అది మొదట ఏ మోడల్ కోసం తయారైందో చెబుతాయి. చివరి మూడు ఆ పార్టులో తర్వాత వచ్చిన మార్పులు. సీఆర్250ఎం గుర్తు 357. పిస్టన్ 13101 తో మొదలవుతుంది, అది స్టాండర్డ్ సైజు. 13102 అంటే 0.25, 13103 అంటే 0.50, 13104 అంటే 0.75, 13105 అంటే 1.00. ఇది ఒక్కసారి బుర్రకెక్కితే, దుమ్ము పట్టిన డబ్బా ఫొటోలో నంబరు సగమే కనిపించినా అదేమిటో పోల్చుకోవచ్చు.

దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మధ్య అంకెలు 357 కాకపోయినా ఈ బండి పార్టుల జాబితాలో ఉన్నవి చాలా ఉన్నాయి, వేరే మోడల్ నుంచి తీసుకుని వాడినవి. వాటి పేరులో ఎల్సినోర్ అని ఉండదు కాబట్టి ఎల్సినోర్ అభిమానులు వాటి వంక చూడరు. ఒక లీవరు, రెండు బుష్‌లు, ఒక స్ప్రింగు అలా సులువుగా దొరికాయి. ఇక 9 తో మొదలయ్యేవి ఎక్కువగా నట్లు, బోల్టులు, సీళ్లు, బేరింగులు. కొలత తెలిస్తే బేరింగు ఎక్కడైనా దొరుకుతుంది, వాటి కోసం తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నేను పెట్టుకున్న నియమం కూడా రాసి పెడుతున్నాను. లోహం పాతదైనా ఫర్వాలేదు, వాడకుండా దాచినది దొరికితే కళ్లకద్దుకుని తీసుకుంటాను. రబ్బరు మాత్రం పాతది వద్దు. యాభై ఏళ్ల కిందటి ఆయిల్ సీలు డబ్బాలో ఎంత భద్రంగా ఉన్నా పెదవి బిరుసెక్కి ఉంటుంది. గోరుతో నొక్కితే టక్కున చప్పుడవుతుంది. సీలు మీదే లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం అచ్చు వేసి ఉంటాయి. అదే కొలతకు కొత్తది కొనాలి. 'ఒరిజినల్ డబ్బాలో ఉంది కదా' అని ఆ సీలే బిగించేవాళ్లున్నారు. వాళ్లు ఇంజను మళ్లీ విప్పుతారు.

41వ రోజు

పిస్టన్ వచ్చింది. డబ్బా మీద 13103, 357. అంచులు చిరిగినా లేబులు స్పష్టంగా ఉంది. లోపల మైనం కాగితం, దాని లోపల పిస్టన్, నూనె వాసన. నాకు కావలసింది 0.50, డబ్బా చెప్పేదీ అదే. వెంటనే సిలిండరు పట్టుకుని బోరింగుకు వెళ్లాను.

"సిలిండరు ఇచ్చారు సరే. పిస్టన్ చేతిలో పెట్టండి సార్, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు లేత్ మీద పనిచేసే ఆయన.

"0.50 అండీ. డబ్బా మీద రాసుంది."

"డబ్బాకు బోరు కొట్టనండీ, పిస్టన్‌కు కొడతాను."

మైక్రోమీటరు తీసి, గజన్ పిన్నుకు (పిస్టన్‌ను రాడ్‌కు కలిపే కడ్డీకి) అడ్డంగా, పిస్టన్ స్కర్టు కింది అంచుకు కాస్త పైన పట్టి కొలిచాడు. ఏమీ అనలేదు. తిప్పి మళ్లీ కొలిచాడు. 70.69. తర్వాత పిస్టన్‌ను తిరగేసి నెత్తి మీద బొటనవేలితో నూనె తుడిచి నాకు చూపించాడు. 0.75 అని ముద్ర.

ఎవరో ఎప్పుడో డబ్బా మార్చి పెట్టారు. నేను ఆ ముద్ర చూడనే లేదు. మూడు వారాల వేట, డబ్బా తెరిచిన ఉత్సాహం, తుడిచి చూడటానికి ఒక్క నిమిషం ఖర్చుపెట్టలేదు. ఆయన సిలిండరు తీసి లోపల వేలు తిప్పి, "ఈ గుంటలు 0.50 కి పోయేవి కాదులెండి" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడో, నిజమే అన్నాడో. ఏదైతేనేం, 0.75 కే బోరు కొట్టాలని నిర్ణయమైంది. ఇక ఈ లైనరుకు మిగిలింది ఒక్క సైజే.

కథ అక్కడితో అయిపోలేదు. డబ్బాలో వచ్చిన రింగులు నిజంగానే 0.50 వి. వ్యాసంలో పావు మిల్లీమీటరు తేడా ఎంతలే అనిపిస్తుంది. చుట్టుకొలతలోకి మారిస్తే దాదాపు 0.8 మి.మీ. అంటే రింగు కొసల మధ్య 0.3 ఉండాల్సిన సందు 1.1 అవుతుంది, కంప్రెషనంతా అందులోంచే పోతుంది. మళ్లీ వేట. రింగులు దొరకడానికి ఇంకో పంతొమ్మిది రోజులు పట్టింది.

బోరు కొట్టి వచ్చిన సిలిండరు కొలిస్తే 70.75, అంటే పిస్టన్‌తో 0.06 సందు. గాలితో చల్లబడే ఇంజనుకు అంతకంటే బిగువుగా పెట్టే ధైర్యం నాకు లేదు. బోరు కొట్టాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, రింగు వాటికి తగులుకుంటే విరుగుతుంది. ఒక సాయంత్రమంతా చిన్న రాయితో ఆ అంచులను మెత్తగా రుద్దడంలోనే గడిచింది.

58వ రోజు

ఫ్రేము దగ్గర నాలో నాకే గొడవ.

ఆ అదనపు బ్రాకెట్లు ఎందుకొచ్చాయో తెలుసు. 1973లో హకాన్ ఆండర్సన్ వెనక ఒకే షాక్ ఉన్న యమహా మీద 250 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. వెనక చక్రం ఎంత ఎక్కువ పైకీ కిందికీ ఆడితే గుంటల మీద అంత వేగంగా పోవచ్చని అందరికీ అర్థమైంది. ఈ ఎల్సినోర్ వెనక చక్రం ఆడేది 100 మి.మీ. దగ్గర్లోనే. దాంతో ఫ్రేములు కోసి, వెల్డింగు పెట్టి, షాకప్‌లను ముందుకు జరిపే పిచ్చి మొదలైంది. షాకప్ స్వింగ్ ఆర్మ్ ఇరుసుకు దగ్గరయ్యే కొద్దీ అదే షాకప్ కదలికకు చక్రం ఎక్కువ దూరం కదులుతుంది. దానికి తగ్గట్టు ఫ్రేము మీద పడే భారం కూడా పెరుగుతుంది. ఆ సంగతి వెల్డింగు చేసినవాళ్లలో ఎంతమంది ఆలోచించారో.

కాబట్టి ఈ బ్రాకెట్లు పాడుపని కావు. ఒక కుర్రాడు రేసు గెలవాలని చేయించుకున్నవి. బండి కంపెనీ నుంచి వచ్చినట్టు ఉన్న కాలం బహుశా ఒక సీజను. దీన్ని అసలు రూపానికి తేవడమంటే ఆ ఒక్క సీజనుకు తీసుకెళ్లడం, మిగతాదంతా తుడిచేయడం. నాకు అది నచ్చలేదు. మూడు రాత్రులు బ్రాకెట్లు ఉంచేద్దామనే అనుకున్నాను.

నాలుగో రోజు ఫ్రేముకు రంగు తీయించి డై పెనిట్రెంటు పరీక్ష చేశాను. చాలా తేలికైన పని. ఎర్రటి ద్రవం చల్లి, పావుగంట ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచేసి, పైన తెల్లటి పొడి స్ప్రే చేయాలి. పగులు ఎక్కడైనా ఉంటే లోపల దాగిన ఎరుపు తెల్లదనం మీదికి ఊరుతుంది. కుడివైపు ఏమీ లేదు. ఎడమ బ్రాకెట్టు పై అంచు దగ్గర మొదట ఒక చుక్క కనిపించింది. ఏదో మరక అనుకున్నాను. చూస్తుండగానే అది సాగి, గొట్టాన్ని సగం చుట్టి, వెంట్రుకంత సన్నని ఎర్ర గీత అయింది. వెల్డింగు వేడికి గొట్టం బిరుసెక్కిన చోట సరిగ్గా.

ఇంక ఆలోచించడానికేముంది? రెండు బ్రాకెట్లూ కోసేశాను. పగులుకు చివర రంధ్రం వేసి, గాడి తీసి, టిగ్ వెల్డింగు చేయించాను. ఇందులో కలిసొచ్చింది ఒకటే: ఆ వెల్డింగు చేసినవాడు అసలు షాకప్ మౌంట్లను కోసేయలేదు. మట్టీ రంగూ పేరుకున్న అడుగున రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

ఇంకో సంగతి. ఫ్రేముకు క్రోమ్ ప్లేటింగు వేయించమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు, మెరుస్తుందట. గట్టి స్టీలుకు ఆ తొట్టిలో హైడ్రోజను ఎక్కితే పెళుసుబారుతుంది. ప్లేటింగు అయిన వెంటనే పొయ్యిలో పెట్టి ఆ హైడ్రోజనును తరిమేయకపోతే ఎప్పుడో ఒకనాడు చెప్పాపెట్టకుండా విరుగుతుంది. నేను రంగే వేయించాను.

74వ రోజు

ట్యాంకు. వీటికి అల్యూమినియం ట్యాంకు కాబట్టి లోపల తుప్పు గొడవ లేదు. ఎండిపోయిన పెట్రోలు జిగురే పట్టి ఉంది, పోయింది. బాధంతా పైనున్న ఎరుపుతోనే. 1978లో వచ్చిన సీఆర్250ఆర్ నిలువెల్లా ఎరుపే. అది చూసి తన పాత బండినీ కొత్తగా కనిపించేలా చేయాలనుకున్నారు కాబోలు ఎవరో.

రంగు తీయడానికి కాస్టిక్ సోడా నీళ్లలో నానబెడతారు కొందరు. ఇనుముకు సరే. అల్యూమినియంను కాస్టిక్ తినేస్తుంది, బుసబుసమని బుడగలొస్తాయి. ఆ బుడగలు హైడ్రోజను. పనికిరాని ఒక విరిగిన కవరు మీద పరీక్షించి చూశాను. పావుగంటలో నిగనిగలాడే ముఖం బొగ్గులా నల్లబడింది. అల్యూమినియంకు సరిపడే రంగు తీసే జెల్లు వాడవచ్చు. కానీ అడుగున ఏముందో తెలియకుండా జెల్లు పూస్తే అన్ని పొరలూ ఒకేసారి లేస్తాయి.

అందుకని 800 నంబరు వాటర్ ఎమరీ, సబ్బు నీళ్లు, చెయ్యి. ఎడమ వైపు కింది మూల నుంచి మొదలుపెట్టాను. ఎర్రటి నీళ్లు ముంజేతి మీదుగా కారుతున్నాయి. కాసేపటికి ఎరుపు పలచబడి గులాబీ రంగైంది. దాని కింద ఒక బూడిద పూత. ఇంకా రుద్దితే బూడిద పూతలో ఒకచోట, చిన్న నాణెమంత మేర, రంగు మారింది. నీళ్లతో కడిగి వెలుతురులో పట్టి చూశాను.

ఆకుపచ్చ. పక్కనే నల్ల అంచు.

ఎమరీ మార్చాను. 1200 వేసి, చేతి బరువు తప్ప ఇంకేమీ పెట్టకుండా, రోజుకు గంట చొప్పున పని. తొమ్మిది రోజులు. ఎడమ వైపు పట్టీ దాదాపు పూర్తిగా బయటపడింది. కుడి వైపు మోకాలు రాసుకునే చోట అరచేయంత మేర లేదు, అది ఎర్ర రంగు పడకముందే అరిగిపోయింది. దాని ఆకారం చూస్తే బండి మీద నిలబడి మోకాళ్లతో ట్యాంకును బిగించి పట్టుకునేవాడని తెలుస్తోంది.

కొత్త స్టిక్కరు సెట్టు అప్పటికే తెప్పించి పెట్టుకున్నాను, చాలా బాగుంది. అది ఇప్పుడు అల్మారాలో ఉంది. ట్యాంకు మీద ఉన్న రంగును ఉన్నట్టే ఉంచి, పైన టూ-కే క్లియర్ (రెండు ద్రవాలు కలిపి కొట్టే పారదర్శక పూత) మాత్రం కొట్టించాను, పెట్రోలు చుక్క పడితే కింది పాత రంగు కరగకుండా. దాని గట్టిపరిచే ద్రవంలో ఐసోసయనేట్లుంటాయి. మామూలు ముక్కు గుడ్డతో ఆ పని చేయకూడదు, బయటి గాలి అందించే మాస్కు ఉన్నవాళ్లకే అప్పగించాలి.

అరిగిన అరచేయంత జాగా అలాగే ఉంది. దాన్ని పూరించమని ముగ్గురు చెప్పారు.

96వ రోజు

క్రాంకు కొత్త రాడ్, కొత్త బేరింగుతో నొక్కించి తెచ్చాను. వీ-బ్లాకుల మీద పెట్టి డయల్ గేజుతో చూస్తే 0.02 ఊగుతోంది. అది చాలు.

ఇంజను బిగించాక ప్రెషర్ టెస్టు. టూ స్ట్రోక్‌కు ఇది చేయకుండా స్టార్ట్ చేయడం అంటే కళ్లు మూసుకుని రోడ్డు దాటడమే. ఈ ఇంజనులో క్రాంకు గది కూడా గాలి పంపులా పనిచేస్తుంది. ఫ్లైవీల్ వైపు సీలు కారితే బయటి గాలి లోపలికొచ్చి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. క్లచ్ వైపు సీలు కారితే గేరు ఆయిలు లాక్కుని తెల్లగా పొగ కక్కుతుంది. ఎగ్జాస్టు, ఇన్‌టేకు రెండూ రబ్బరు బిరడాలతో మూసి, సైకిలు పంపుతో 6 పీఎస్‌ఐ గాలి ఒత్తిడి ఎక్కించి గడియారం పట్టుకుని కూర్చున్నాను. ఆరు నిమిషాలు నిలవాలి.

ఒకటిన్నర నిమిషంలో సున్నా.

సబ్బు నురుగు పూస్తూ పోయాను. సీళ్ల దగ్గర ఏమీ లేదు, సిలిండరు కింది ప్యాకింగు దగ్గర లేదు, హెడ్డు దగ్గర లేదు. ఇన్‌టేకు రబ్బరు కింది వైపు, చూపుకు అందని చోట, చీమ కళ్లంత బుడగలు వరసగా. ఆ రబ్బరు ఒరిజినల్. వాడకుండా దాచినది, నేనే మురిసిపోతూ కొన్నది. 27వ రోజు నేను పెట్టుకున్న నియమం పైనే రాసుంది, చదువుకోండి.

కొత్తగా పోత పోసిన నకలు రబ్బరు బిగించాను. ఆరు నిమిషాల తర్వాత ముల్లు 5.5 దగ్గర ఉంది.

120వ రోజు

చక్రాల గురించి ఎక్కువ రాయను, సిగ్గుగా ఉంది. కొత్త చువ్వలు వేయడానికి వెనక చక్రం విప్పేశాను, హబ్బు మధ్య నుంచి రిమ్ము ఎంత పక్కకు ఉందో కొలవకుండా. నూట నలభై ఫొటోల్లో ఒక్కదానిలోనూ ఆ కొలత లేదు. చివరికి స్వింగ్ ఆర్మ్‌లో ఖాళీ హబ్బు పెట్టి, ముందు స్ప్రాకెట్టు నుంచి దారం లాగి, చైను వరస చూసుకుని, రిమ్మును ఫ్రేము మధ్యకు తెచ్చుకున్నాను. పావుగంట పనికి రెండు వారాంతాలు. ముందు 21 అంగుళాల చక్రం మాత్రం కొలిచి విప్పాను, ఒక్క సాయంత్రంలో అయిపోయింది.

133వ రోజు

34 మి.మీ. కీహిన్ కార్బురేటర్. పైలట్ జెట్టు (తక్కువ వేగంలో పెట్రోలు వచ్చే సన్నని రంధ్రం) పూర్తిగా మూసుకుపోయింది. సన్నని గిటారు తీగ ఒక్కటి దూర్చి తిప్పితే తెరుచుకుంది. డ్రిల్లు బిట్టు పెట్టకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్టు ఇక పనికిరాదు. ఫ్లైవీల్ తీసినప్పుడు, దాన్ని క్రాంకు మీద సరైన చోట నిలిపే అర్ధచంద్రం ఆకారపు కీ సగం తెగి ఉంది. టైమింగు ఎప్పటినుంచి తప్పిందో దేవుడికెరుక. బహుశా ఈ బండిని మూలన పడేసిన రోజు నుంచేనేమో. కొత్త కీ వేసి, టైమింగు సరిచూశాను.

141వ రోజు

4 లీటర్ల పెట్రోలులో 160 మి.లీ. టూ స్ట్రోక్ ఆయిలు, అంటే 25కి 1. మొదటి రోజులకు కాస్త చిక్కగానే ఉండనీ.

ఏడు కిక్కులకు ఏమీ లేదు. ఎనిమిదో కిక్కుకు ఒక్క దగ్గు. ప్లగ్ తీస్తే తడిగా ఉంది, ఆరబెట్టి మళ్లీ పెట్టాను. పదకొండో కిక్కుకు అందుకుంది. ఆ శబ్దాన్ని ఎలా రాయాలో తెలియదు. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి వేగంగా తిప్పినట్టుంటుంది, ఆ డబ్బా మన పక్కటెముకల్లో ఉన్నట్టుంటుంది. తెల్లటి పొగ. ఒక్క క్షణం గుండె ఆగింది, సీలేనేమో అని. రెండు నిమిషాలకు పొగ పలచబడింది. సైలెన్సరులో దాచుకున్న పాత నూనె అది.

ఫిన్‌లు చేత్తో తాకలేనంత వేడెక్కగానే ఆపేశాను. పూర్తిగా చల్లబడనిచ్చి, హెడ్డు నట్లు ఎదురెదురుగా మళ్లీ బిగించాను. రెండు నట్లు కాస్త తిరిగాయి. ఇలా మూడుసార్లు చేశాక ప్లగ్ చూస్తే పింగాణీ లేత గోధుమ రంగులో ఉంది.

152వ రోజు

బండి స్టాండు మీద నిలబడింది, కానీ నడపడానికి లేదు. ఒరిజినల్ వెనక షాకప్‌ల కోసం మూడు నెలలుగా చూస్తున్నాను. మొన్న ఒక జత దొరికింది. కుడిది బాగుంది. ఎడమ దాని కడ్డీ వంగిపోయింది, బల్ల మీద దొర్లిస్తే కన్నుకే కనిపిస్తోంది. అమ్మినాయన ఫొటోల్లో రెండూ ఒకే వైపు నుంచి తీశాడు. నేను తిప్పి చూపించమని అడగలేదు.

నకలు షాకప్‌లు బిగిస్తే రేపే నడపవచ్చు. బిగించను. 52400 తో మొదలై మధ్యలో 357 ఉండే డబ్బా ఎక్కడ కనిపించినా లేబులు కాదు, లోపలిది బయటికి తీసి కడ్డీ తిప్పుతూ ఫొటో తీసి పంపమంటున్నాను.